యుద్ధచరిత్రలు: చదువదగిన కొన్ని పాత గ్రంథములు

1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బొబ్బిలి కోట కూలినది. ఆ దినమున జరిగిన ఘోరమును తెలుగువారు జంగము కథలవలనను, దిట్టకవి నారాయణకవి రచించిన ‘రంగరాయ చరిత్రము’ వలనను ఎరుగుదురు. అదే వృత్తాంతమును ఆంగ్లభాషలో వ్రాసి ముద్రించినవాడు రాబర్టు ఓర్మ్. ఈ రెండు తెరగుల రచనలను ప్రక్కప్రక్కన నుంచుకొని చదివినగాని పాత యుద్ధచరిత్రల విలువయు, వాని కొరతయు మనకు బోధపడవు.

ఓర్మ్ 1728లో తిరువాన్కూరు తీరమునందలి అంజెంగోలో, ఈస్టిండియా కంపెనీ వైద్యుని కుమారుడుగా జన్మించెను. మద్రాసు కౌన్సిలులో సభ్యుడుగా నుండి 1758లో స్వదేశమునకు బయలుదేరెను. హిందూస్థానమున బ్రిటిషు జాతి జరిపిన సైనిక వ్యవహారములను గూర్చిన ఆతని చరిత్ర మొదటి సంపుటము 1763లోను, రెండవది 1778లోను వెలువడెను. కథ 1761లో పుదుచ్చేరి పతనముతో ముగియును.

ఈ గ్రంథమున తెలుగువారు ముఖ్యముగా చదువవలసినది కర్నల్ ఫోర్డు దండయాత్ర. 1758 డిసెంబరు 9వ తేదీన పిఠాపురము చేరువనున్న చందుర్తివద్ద ఫోర్డు, విజయనగర ప్రభువైన ఆనందగజపతిరాజు తోడ్పాటుతో, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సును ఓడించెను. ఏపుగా పెరిగిన చేను కొంత సేనను మరుగుపరచుట, ఎఱ్ఱ దుస్తులు ధరించిన వంగదేశపు సిపాయీలను చూచి శత్రువులు భ్రమపడుట మొదలైన వివరములు కన్నులకు కట్టును. అంతకన్న విలువైనది విజయానంతర కథ. రాజు ఇత్తునన్న ధనము సకాలమున అందలేదు. ఫోర్డు ముందునకు కదలలేక దినములు గడపెను. బందరు కోట ముట్టడి సాగుచుండగా జీతములకొరకు ఆతని యూరోపియను సైనికులే తిరుగబడిరి. ఎట్టకేలకు 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి సాహసించి కోటపై దాడి వెడలి, తెల్లవారునప్పటికి దానిని వశపరచుకొనెను. మే మాసమున సలాబతుజంగు ఆంగ్లేయులతో సంధి చేసికొనెను. ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి అధికారము అంతటితో అంతరించెను. కత్తికి ఎంత పదునున్నను బొక్కసము ఒట్టిపోయినచో సేన కదలదను సత్యము ఓర్మ్ పుటలలో అడుగడుగున కానవచ్చును.

రెండవ గ్రంథము మార్కు విల్క్సు రచించిన దక్షిణ హిందూదేశ చరిత్ర. మైసూరు సంస్థానమున రెసిడెంటుగా పనిచేసిన ఈతడు స్థానిక పత్రములను, పెద్దల వాఙ్మూలములను సేకరించి మూడు సంపుటములను 1810, 1817 సంవత్సరముల మధ్య ప్రకటించెను. టిప్పుసుల్తానుపట్ల ఈతనికి గల విముఖత స్పష్టము. ఆ భాగములను జాగ్రత్తగా చదువవలెను. అయినను 1791 మే మాసమున కారన్‌వాలిసు శ్రీరంగపట్టణము ముంగిటివరకు పోయి మరలిన ఘట్టము మరువరానిది. యుద్ధమున గెలిచినను, పశువులు చచ్చి, ధాన్యము అడుగంటుటచే ఆతడు తన పెద్ద ఫిరంగులను తానే పాడుచేయించి వెనుదిరిగెను. బందరుకడ ధనమెంతటిదో శ్రీరంగపట్టణముకడ ఎద్దు అంతటిది.

మూడవది లెఫ్టినెంటు కర్నల్ విల్సను కూర్చిన మద్రాసు సైన్య చరిత్ర. 1882 మొదలు 1889 వరకు మద్రాసులో అచ్చయిన ఈ ఐదు సంపుటములు కథవలె సాగవు. కచేరీ దస్తరములవలె నుండును. పటాలముల ఏర్పాటు, బత్తెము, ఉడుపులు, ఉత్తరువులు అన్నియు ఇందు కలవు. ఓపికగలవారికి ఇదియే గని. 1780 అక్టోబరు 3వ తేదీన విశాఖపట్టణమున ఓడ ఎక్కమని సిపాయీలు ఎదురుతిరుగుటకును, 1806 జూలై 10వ తేదీన వేలూరు కోటలో క్రొత్త తలపాగా, గడ్డము, నొసటి బొట్టు విషయమైన ఆజ్ఞలు చిచ్చు రేపుటకును మూలములు ఇట్టి కాగితములలోనే వెదకవలెను. యుద్ధము రణభూమిలోనే గాక ఉత్తరువు వ్రాసిన బల్లమీదను పుట్టునని ఇవి తెలుపును.

ఇక కొరతను చెప్పవలసియున్నది. ఈ మువ్వురును సేనానుల పేరులను, గాయపడిన యూరోపియనుల లెక్కను జాగ్రత్తగా వ్రాసిరి. మన సిపాయీ వీరి పుటలలో చాలవరకు సంఖ్యగానే మిగిలెను. బొబ్బిలి పతనానంతరము విజయరామరాజును గుడారములో చంపినవారు ఓర్మ్ కథనమున పేరులేని సైనికులు. ఆ స్థానమున తాండ్ర పాపయ్య అను పేరును నిలిపినది తెలుగు కథ. ఓర్మ్ గ్రంథమున తేదీ, సేనల కదలిక దొరకును. మన కథలలో పేరు, పౌరుషము, దుఃఖము దొరకును. ఒకటి రెండవదానికి బదులు కాజాలదు.

క్లైవుతో వంగదేశమునకు పోయిన మద్రాసు సిపాయీలలో తెలుగువారుండుటచే ఉత్తరదేశమున సిపాయీకి ‘తిలంగా’ అను పేరే స్థిరపడెను. శతాబ్దము గడచి 1857లో ఢిల్లీ పౌరులు తమ నగరమున ప్రవేశించిన సిపాయీలను, వారు అవధు, బీహారు ప్రాంతములవారైనను, తిలంగాలనియే పిలిచిరి. ఒక జాతి పేరు వృత్తి పేరుగా నిలిచినది గాని, ఆ తొలి సైనికులలో ఎందరి పేరులు నేడు మనకు తెలియును?

కావున మొదట ఓర్మ్‌ను, పిదప విల్క్సును చదివి, సందేహము కలిగినచోట విల్సనును తిరుగవేయుట మేలు. ఈ గ్రంథముల ప్రతులు నేడు పెద్ద గ్రంథాలయములలోనే గాక అంతర్జాలమునను లభించుచున్నవి. చదువునప్పుడు ‘రంగరాయ చరిత్రము’ను కూడ చేరువనే ఉంచుకొనవలెను. గెలిచినవారి లెక్కలను, ఓడినవారి స్మృతిని కలిపి చదువగలిగిననాడే ఆ యుద్ధములు మనకు నిజముగా తెలియును.