మోరో ఖడ్గముల పరీక్ష

ఫిలిప్పీన్ దీవుల దక్షిణమున, మిందనావో, సులు ప్రాంతములలోని ముస్లిం జాతులకు 'మోరోలు' అని పేరు పెట్టినవారు స్పెయిన్ దేశీయులు. స్వదేశమున తాము పోరాడిన మూర్ల పేరునే ఇచటివారికిని తగిలించిరి. ఈ జాతుల పాత ఖడ్గములు నేడు పెక్కు మ్యూజియములలో ఉన్నవి.

చూచువాని దృష్టి మొదట పిడిపై పడును. కాకాతువా పక్షి శిరస్సు వలె చెక్కిన దంతము, వెండి కట్లు, బంగారమును రాగిని కలిపి చేసిన 'స్వాసా' అను లోహము. ఇవి యజమాని అంతస్తును తెలుపునే గాని అలుగు మంచిదనుటకు సాక్ష్యము కావు. పిడిని ఎప్పుడైనను మార్చవచ్చును గదా!

కావున అలుగునే చూడవలెను. 'క్రిస్' అనునది రెండు వాదరల కత్తి. జావా క్రిస్ పొడుచుటకు. మోరో క్రిస్ అంతకంటె పెద్దది, బరువైనది, నరకుటకును పనికివచ్చును. కొన్ని వంకరలు తిరిగి ఉండును, కొన్ని తిన్నగా ఉండును. పిడి దగ్గర అలుగు విశాలమగు చోట అడ్డముగా నుండు ఇనుప భాగమును 'గంగ్యా' అందురు. దాని ఒక కొసన ఏనుగు తొండమును పోలిన చెక్కడము కలదు. మలయ్ భాషలో ఆ తొండమునకు 'బెలలై గజా' అని పేరు. అందలి గజ శబ్దము సంస్కృతమే. పాత క్రిస్‌లలో గంగ్యా వేరుగా చేసి అమర్చిన ముక్క. అతుకు కంటికి కనబడును. ఇరువదవ శతాబ్దమున, ముఖ్యముగా 1930 ప్రాంతము తరువాత, అలుగును గంగ్యాను ఏకఖండముగా చేసి, అతుకు ఉండవలసిన చోట ఒక గీత మాత్రము గీయుట సామాన్యమైనది. ఆ గీతను మోసమనుటకు నాకు మనసొప్పదు. పూర్వరూపమును మరువలేని చేయి గీచినది అది.

మంచి అలుగులలో పలు పొరల ఇనుమును, ఉక్కును కాచి, మడిచి, సాగగొట్టిరి. పలుచని ఆమ్లము పూసినచో ఆ పొరలు చారలుగా తేలును. కొన్నిట నడుమ మెలిత్రిప్పిన కడ్డీల జాడయు కనబడును. రెండవ ప్రపంచయుద్ధము తరువాతి కత్తులలో మోటారు బండ్ల స్ప్రింగు పట్టీలతో చేసినవి కలవు. అది నాసి ఉక్కు కాదు. కాని ఆ చారలు అందులో ఉండవు.

మరియొక ఆధారము కత్తికి కట్టిన చీటీ. 1906లో జోలో ద్వీపమందలి బుద్ దాజో అగ్నిపర్వత బిలమున అమెరికా సైన్యము స్త్రీలు, పిల్లలతో సహా వందలమంది మోరోలను చంపినది. 1911లో జనరల్ పెర్షింగ్ ఆయుధములను అప్పగింపుమని ఆజ్ఞాపించెను. 1913లో బుద్ బగ్సాక్ యుద్ధము జరిగినది. సైనికులు కత్తులను జ్ఞాపికలుగా ఇంటికి కొనిపోయిరి. చీటీపై 1906 అని ఉన్నచో, చీటీ నిజమైనదైనంతవరకు, కత్తి అంతకు తరువాతిది కాదని తేలును. ఆ తేదీ ఒకని చావు తేదీ కూడ కావచ్చును. అయినను ఆ కత్తిని అతడు చేయించుకొన్నాడో, తాత నుండి అతనికి సంక్రమించినదో చీటీ చెప్పదు. అందులకు మరల అతుకును, పొరలను చూడవలసినదే.