మచిలీపట్నం దారిలో వేసవి: సరాయి నుంచి థీమ్ పార్కు వరకు

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి, ఎల్.బి.నగర్ కూడలి దాటి విజయవాడ రోడ్డున వెళితే మొదట వనస్థలిపురం, తరువాత హయత్‌నగర్, ఇంకా ముందుకు పోతే రామోజీ ఫిల్మ్ సిటీ వస్తాయి. వేసవి సెలవుల్లో పిల్లలను వెంటబెట్టుకొని ఈ దారిన వెళ్లే కుటుంబాలు ఎన్నో. ఎండలో రోజంతా గడపవలసినవారు ఎక్కడ సేద తీరాలి? ఈ ప్రశ్న ఈ దారికి కొత్తది కాదు.

కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు మచిలీపట్నం. అక్కడికి పోయే దారిలోనే హయత్‌నగర్ వెలిసింది. ఆ పేరు హయత్ బక్షీ బేగంది. ఆమె మహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. ఆమె పేరిట ఉన్న మసీదు చుట్టూ బాటసారులు దిగడానికి కమానుల గదుల సరాయి ఉంది. దగ్గరలోనే హాథీ బావలి అనే పెద్ద బావి ఉంది. ఈ మూడింటినీ కలిపి చూడండి. మందపు గోడలు పగటి వేడిని త్వరగా లోపలికి రానివ్వవు. బావి మనుషులకూ పశువులకూ నీళ్లిస్తుంది. బళ్లూ ఎడ్లూ తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదిరేలోపు మజిలీ చేరుకోవడం వేసవి ప్రయాణ పద్ధతి. మధ్యాహ్నం నడవకపోవడమే వారి మొదటి వైద్యం.

ఇటు దిల్‌సుఖ్‌నగర్ పక్కనే ఉన్న సరూర్‌నగర్ చెరువు కూడా ఆ కాలానిదే. దానిని 1626లో తవ్వించారని చెబుతారు. చెరువు ముఖ్యంగా సాగుకోసమే అయినా, గట్టు మీది గాలి ఊరికి అదనపు లాభం.

ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం అవసరం. నీరు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని తీసుకుంటుంది. హైదరాబాదు వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇక్కడ నీరు త్వరగా ఆవిరవుతుంది. వట్టివేరు తడికల మీద నీళ్లు చల్లితే గది చల్లబడేదీ, నేటి ఎయిర్ కూలర్ పనిచేసేదీ ఈ సూత్రం మీదనే. అదే దారి రెండో కొసన ఉన్న మచిలీపట్నంలో గాలి తేమగా ఉంటుంది. అక్కడ చెమట ఆరదు, కూలరూ అంతగా పనిచేయదు.

అయితే పాతకాలపు చల్లదనం అందరికీ సమానంగా దక్కిందనుకోవద్దు. వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటస్థలం. సామాన్యులు ఆ చెట్ల నీడకు చేరింది ఆ తరువాతనే. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సర సందర్భంగా 1975లో దానికి ఈ పేరు పెట్టారు.

1996లో ఫిల్మ్ సిటీ, 2016లో రావిర్యాల దగ్గర వండర్‌లా వచ్చాయి. నీటి ఆటల పార్కులో చల్లగా అనిపించడానికి కారణం వట్టివేరు తడికదే: తడి ఒంటి మీద పొడి గాలి. ఈ సుఖమే మోసం చేస్తుంది. ఒళ్లు చల్లగా ఉండడంతో ఎండ తీవ్రత తెలియదు, దాహం గుర్తుకు రాదు. నీళ్లలో ఆడుతున్నా తాగునీరు, మజ్జిగ తప్పవు. మిగిలినచోట్ల సరాయి పద్ధతే మేలు. గేటు తెరిచే వేళకు చేరుకొని ఆరుబయట చూడవలసినవి ముందే చూడండి. పన్నెండు నుంచి నాలుగు వరకు లోపలి ప్రదర్శనలకు, భోజనానికి ఉంచుకోండి. నూలు బట్టలు, తలగుడ్డ బరువేమీ కావు. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా ఆ రోజుకు ఆట ఆపి నీడకు చేరాలి. మాట తడబడినా, స్పృహ తప్పుతున్నా ఒళ్లు తడిపి, విసురుతూ, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇది అతి జాగ్రత్త కాదు. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. కూలిపనులకు, వీధి వ్యాపారాలకు ఎండలో తిరగక తప్పనివారికి మధ్యాహ్నపు మజిలీ లేదు. సరాయిలో బాటసారికి నీడ ఉండేది. పార్కులో నీడకు టికెట్టు ఉంది. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్కన తోపుడుబండి నిలిపిన మనిషికి ఉన్నవి ఒక గొడుగు, వేసవిలో ఎవరో ఒకరు పెట్టే చలివేంద్రం కుండ. ఈసారి ఆ దారిన మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లినప్పుడు ఎవరు ఏ నీడలో నిలుచున్నారో, ఆ నీడ ఎవరు ఏర్పరచిందో గమనించి మీ నోటు పుస్తకంలో రాసుకోండి.