తమలపాకుకి ఫిజీ చుట్టం

తగరపువలస కూడలిలో కిళ్లీ కొట్టాయన పొద్దస్తమానం నీళ్లు చల్లి తుడిచే తమలపాకుకి పసిఫిక్ దీవుల్లో ఒక దగ్గరి చుట్టం ఉంది. ఇక్కడ ఆకు నమిలితే నోరు పండుతుంది, అక్కడ వేరు దంచి తాగితే నాలుక మొద్దుబారుతుంది. దాని పేరు కావా. మిరియం, పిప్పలి, తమలపాకు, కావా అన్నీ పైపర్ ప్రజాతివే. చోద్యమేమిటంటే, ఆ చుట్టాన్ని వెతుక్కుంటూ వెళ్లినట్టు విశాఖ జిల్లా జనం నూరేళ్ల కిందటే ఫిజీలో దిగారు.

కావాకి విత్తనం కట్టదు. కొమ్మ నరికి పాతితేనే మొక్క. మనిషి పడవలో పెట్టుకుని వెళ్తే తప్ప పక్క దీవికి కూడా చేరలేదు. వనువాటు ప్రాంతపు అడవి మొక్క నుంచి రైతులే ఏరి ఏరి పెంచారని శాస్త్రజ్ఞుల మాట. మధ్యలో ఎన్నో శతాబ్దాలు గడిచాక, నావికుడు కెప్టెన్ కుక్ రెండో యాత్రలో వెళ్లిన జార్జ్ ఫార్‌స్టర్ 1786లో దానికి మత్తెక్కించే మిరియమని అర్థం వచ్చే పేరు పెట్టాడు. కాస్త తొందరపడ్డాడు. ఇందులో పులియబెట్టేదీ లేదు, సారా అంతకంటే లేదు.

1903లో మద్రాసు నుంచి ఫిజీకి మొదటి కూలీ ఓడ బయల్దేరింది. 1916 దాకా ఆ రేవు నుంచి సుమారు 15 వేలమంది వెళ్లారు. వాళ్లలో ఉత్తర ఆర్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖ జిల్లాల వాళ్లున్నారు. ఐదేళ్ల అగ్రిమెంటు వాళ్ల నోట గిర్మిట్ అయింది. పగలంతా చెరకు తోట, రాత్రికి లైన్లనే ఇరుకు వరస గదుల్లో పడక. పక్కనే ఫిజీ పల్లెలో యంగోనా అనే పేరుతో కావా పానీయం ఉండేది. కూలీల నోట అదీ మారి నగోనా అయింది.

ఫిజీ పల్లెలో దానికో పద్ధతి ఉంది. చుట్టపుచూపుగా వచ్చినవాడు ఎండు వేళ్ల కట్ట తెచ్చి పెద్దల ముందు పెట్టాలి. దాన్ని సెవుసెవు అంటారు. మన తాంబూలం లాంటిదే, కాకపోతే అక్కడ తెచ్చేవాడు అతిథి. తానోవా అనే చెక్క గిన్నెలో కలిపి, వరస తప్పకుండా కొబ్బరి చిప్పతో అందిస్తారు. తాగేవాడు ముందు ఒక్కసారి చప్పట్లు కొట్టి, ఒకే గుక్కలో తాగేస్తాడు. ఆ మర్యాదే ఒక కళ్లెం. పానీయం మనవాళ్ల వాకిళ్లకి వచ్చింది కానీ, ఆ కళ్లెం మాత్రం పల్లెలోనే ఉండిపోయింది. పెళ్లిళ్లలో, రామాయణ మండళ్లలో కూర్చుంటే గిన్నె తరవాత గిన్నె, తెల్లవారే దాకా. పోయింది ఆ వరసే.

వేళ్ల పొడిని గుడ్డలో మూటకట్టి నీళ్లలో పిసుకుతారు, ఎందుకంటే అందులో పనిచేసే పదార్థాలైన కావాలాక్టోన్లు నీళ్లలో సరిగా కరగవు. తాగగానే పెదవులు తిమ్మిరెక్కుతాయి, ఒళ్లు సడలుతుంది, కంగారు తగ్గుతుంది. ఎక్కువైతే కాళ్లు తడబడతాయి, నిద్ర ముంచుకొస్తుంది. అలాంటప్పుడు బండి తీయకూడదు. ఏళ్ల తరబడి అతిగా తాగితే చర్మం పొలుసులు కడుతుంది. ఫిజీలో దాన్ని కనికని అంటారు. తాగడం మానితే తగ్గుతుంది.

కాలేయం మాట వేరు. ఆల్కహాల్, అసిటోన్ వంటి ద్రావకాలతో తీసిన కావా మాత్రలు వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిందన్న ఫిర్యాదులతో 2002లో జర్మనీ వాటిని నిషేధించింది. 2014లో అక్కడి కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది, వాదం మాత్రం అక్కడితో ఆగలేదు. దీవుల్లో తెలిసినవాళ్లు వేరు మాత్రమే వాడతారు, ఆకునీ కాండం తొక్కనీ దగ్గరికి రానివ్వరు. వనువాటులో టుడే అనే రకాన్ని పక్కన పెడతారు, తాగితే రెండు రోజులు వదలదని ఆ పేరు. మద్యంతోనూ నిద్రమాత్రలతోనూ కలపకూడదు. కాలేయ జబ్బున్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలు ముట్టుకోకూడదు.

ఫిజీ తెలుగువాళ్లు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. అయినా ఇళ్లలో తెలుగు సన్నగిల్లి ఫిజీ హిందీ కుదురుకుంది. భాష జారిపోయి అలవాటు మిగలడం బాధగానే ఉంటుంది. 1987 సైనిక తిరుగుబాట్ల తరవాత చాలామంది ఆక్లండ్‌కి, సిడ్నీకి తరలిపోయారు, గిన్నె కూడా వాళ్ల వెంటే వెళ్లింది. 2021 డిసెంబరులో ఆస్ట్రేలియా కావా వ్యాపార దిగుమతికి ఒప్పుకుంది. ఇప్పుడు సిడ్నీలో ఆ పొడిని కొట్లోనే కొనుక్కోవచ్చు.