పెదవి కదపని సినిమా

1974 వేసవి. పారిస్‌ను ఆనుకుని ఉన్న బులోన్‌లో పాడుబడ్డ రోత్‌షీల్డ్ భవంతి. కెమెరా పక్కన పొట్టి మనిషి, కళ్లజోడు, వయసు అరవై. ఫ్రెంచి రచయిత్రి, దర్శకురాలు మార్గెరీత్ ద్యురాస్.

టేప్ రికార్డర్ తిరగడం మొదలైంది. సంభాషణలన్నీ ముందే రికార్డు చేసి ఉంచారు. ఆ గొంతులు వింటూ నటీనటులు మెల్లగా అడుగులేస్తున్నారు. ఎర్ర గౌనులో దెల్ఫిన్ సేరిగ్. ఆమె మాట మనకు వినబడుతుంది, పెదవి మాత్రం కదలదు.

తీస్తున్న సినిమా 'ఇండియా సాంగ్'. కథ 1937 నాటి కలకత్తాలో, ఫ్రెంచి రాయబారి ఇంట్లో జరుగుతుంది. నిజానికి బ్రిటిష్ పాలనలోని ఇండియాకు ఫ్రెంచి రాయబారి అంటూ ఎవరూ లేరు. కలకత్తాలో ఒక్క షాటూ తీయలేదు. ఆమెకు కావలసింది ఊరు కాదు, వలస దొరల విందుకూ గేటు బయటి ఆకలికీ మధ్య దూరం. ఆ దూరం ఆమెకు చిన్ననాడే తెలుసు.

పుట్టింది సైగాన్ దగ్గర, 1914లో. తండ్రి త్వరగా పోయాడు. బడిపంతులమ్మ అయిన తల్లి ఏళ్ల తరబడి కూడబెట్టి కంబోడియాలో పొలం కొంది. లంచం ముట్టనిదే మంచి నేల దక్కదని ఆమెకు తెలియదు. ఏటా సముద్రపు నీరు ఎక్కి వరి కుళ్లిపోయేది. కట్టలు పోయించింది, అవీ నిలవలేదు. తల్లి కళ్లముందే కుంగిపోవడం చూసిన ఆ కూతురు 1950లో దాన్నే నవలగా రాసింది.

అందుకే 'ఇండియా సాంగ్'లో ఒక బిచ్చగత్తె ఉంది. లావోస్ నుంచి నడిచి నడిచి కలకత్తా చేరిన మనిషి. తెరమీద ఒక్కసారీ కనబడదు. పాట, నవ్వు, అరుపు, అంతే. లోపల నాట్యం సాగుతుంటే బయటినుంచి ఆ గొంతు వస్తూనే ఉంటుంది. ఆకలిని చూపించి జాలి పుట్టించడం సులువు. ద్యురాస్ ఆ పని చేయలేదు. చెవులు మూసుకోలేని స్థితిలో మనల్ని కూర్చోబెట్టింది. లాహోరులో కుష్ఠురోగులపై కాల్పులు జరిపిన వైస్ కాన్సల్‌గా మైకేల్ లాన్స్‌డేల్ పెట్టే కేక మరీ భయంకరం. అదీ తెర వెలుపలినుంచే.

1976లో మరో సినిమా, మరో సాహసం. అదే సౌండ్‌ట్రాక్‌ను మొత్తంగా తీసుకుని, ఈసారి దాదాపు మనుషులే లేని అదే భవంతి శిథిలాల మీద పరిచింది. బొమ్మ మారింది, మాట మారలేదు. సినిమాలో ధ్వని బొమ్మకు తోక కాదని ఇంత మొండిగా నిరూపించిన దర్శకులు అరుదు.

1984లో 'ది లవర్' నవలకు గోంకూర్ బహుమతి వచ్చాక లోకమంతా ఆమెను చదివింది. సినిమాలు మాత్రం ఇంకా కొద్దిమందికే తెలుసు. దొరికితే ముందు 'ఇండియా సాంగ్' చూడండి, వెంటనే రెండోది. వరస తప్పొద్దు.