యుద్ధచరిత్రలు: చదువదగిన కొన్ని పాత గ్రంథములు

పల్లెలలో యుద్ధకథలకు ఆదరణము లేదనుట సరికాదు. బొబ్బిలి కథ చెప్పుచున్నారని తెలిసిన చాలు, తెల్లవారువరకు కదలక కూర్చుండువారు నేటికిని కలరు. అయినను కథ విన్నవారిలో ఆ యుద్ధమును గూర్చి గ్రంథములేమి చెప్పుచున్నవో చూచినవారు బహుకొద్దిమంది. పాత యుద్ధచరిత్రలు పెక్కు ఇంగ్లీషులో నుండుటయు, లావుపాటి సంపుటములగుటయు ఇందులకు కారణములు. అయినను కొన్నిటిని ఓపికతో చదువుట ఎంతయు లాభకరము.

మొదట చేతబట్టదగినది రాబర్టు ఓర్ము వ్రాసిన హిందూస్థాన సైనిక వ్యవహారముల చరిత్ర. దీని మొదటి సంపుటము 1763లోను, రెండవది 1778లోను వెలువడినవి. ఓర్ము 1728లో తిరువాన్కూరు తీరమందలి అంజెంగోలో జన్మించి, కంపెనీ కొలువున ప్రవేశించి, 1754 మొదలు 1758 వరకు మదరాసు కౌన్సిలులో సభ్యుడుగా నుండెను. ఆతడు యుద్ధభూమిలో కత్తిపట్టినవాడు కాడు. ఉత్తరములను, దినచర్యలను, సేనానులు చెప్పిన మాటలను కూర్చి వ్రాసినవాడు. కావుననే ఏ వాగు ఎక్కడ దాటిరి, ఏ బురుజుపై ఎన్ని ఫిరంగులుండెను అను విషయములలో ఆతని శ్రద్ధ మెచ్చదగినది.

బొబ్బిలి యుద్ధము 1757 జనవరి 24న జరిగెను. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు ఒక వైపు. బొబ్బిలి రంగారావు ఒక వైపు. ఫిరంగుల దెబ్బకు గోడలు పగిలినను లోనివారు వెనుదీయలేదు. ఇక నిలువలేమని తెలిసినప్పుడు ఇండ్లకు తామే నిప్పుపెట్టి, ఆలుబిడ్డలను తమ చేతులతోనే కడతేర్చిరి. ఈ ఘట్టమును వ్రాయుచు ఇంగ్లీషు చరిత్రకారుడు కరిగిపోయెను. తండ్రి ఆజ్ఞను మీరి ఒక వృద్ధుడు రంగారావు పసికొడుకును కాపాడి, ఫ్రెంచి అధికారికి అప్పగించిన వృత్తాంతమును ఆతడు మరువక చేర్చెను. పిమ్మట రంగారావు సైనికులు నలుగురు పగదీర్చుకొన నిశ్చయించుకొనిరనియు, వారిలో ఇద్దరు రాత్రివేళ విజయరామరాజు డేరాలో దూరి ఆతనిని పొడిచి చంపిరనియు ఓర్ము కథనము. ప్రజల పాటలో ఆ పని చేసినవాడు తాండ్ర పాపారాయుడే. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము బొబ్బిలివారి పక్షమున నిలిచిన కావ్యము. ఓర్మును, ఈ కావ్యమును పక్కపక్కన పెట్టుకొని చదివినవానికి ఏది జరిగినది, ఏది జనుల హృదయము కోరినది అను విచక్షణ కలుగును. పాటను అబద్ధమని త్రోసివేయుట తెలివి కాదు. ఓడినవారి వైపు జ్ఞాపకము చాలవరకు పాటలలోనే మిగిలినది.

మరుసటి యేటి చివర, 1758 డిసెంబరులో, చందుర్తి కడ ఇంగ్లీషు సేనాని ఫోర్డు, విజయనగర ప్రభువు ఆనందగజపతిరాజుతో కలిసి, కాన్‌ఫ్లాన్సు నడిపిన ఫ్రెంచివారిని ఓడించెను. ఆ యుద్ధములో ఒక చిత్రము జరిగినది. ఎత్తుగా పెరిగిన జొన్నచేను వంటి పైరు చాటున తెల్లసైనికులు కనబడకుండిరి. ఎఱ్ఱచొక్కాలు తొడిగిన దేశీయ సిపాయిలనే తెల్లవారనుకొని ఫ్రెంచివారు మీదపడి, పైరు చాటునుండి వచ్చినవారి చేతికి చిక్కిరి. అటుపిమ్మట ఫోర్డు 1759 ఏప్రిలులో ఒక రాత్రి, ఆటు వేళ కాచుకొని, బురదనేల గల బందరు కోటను పట్టుకొనెను. కోటలోనివారే ముట్టడించినవారికంటె ఎక్కువమంది! కర్నల్ మాలెసన్ తన హిందూదేశ నిర్ణాయక యుద్ధములు అను గ్రంథమందు (1883) ఈ రెంటికిని ఒక ప్రకరణము కేటాయించెను. ప్లాసీ పేరు ఎరిగిన విద్యార్థులు చందుర్తి పేరు ఎరుగకపోవుట విచారకరము.

రాబర్టు స్యూయెల్ 1900లో ప్రకటించిన విజయనగర చరిత్ర మరియొక ముఖ్యగ్రంథము. పోర్చుగీసు గుఱ్ఱముల వర్తకుడు నూనిజ్ వ్రాసిన వృత్తాంతము ఇంగ్లీషున ఇందులోనే కలదు. రాయచూరు యుద్ధములో కృష్ణదేవరాయలకు కాల్బలము 7,03,000, గుఱ్ఱములు 32,600, ఏనుగులు 551 యని ఆతని లెక్క. ఇంతమందికి దారిలో బియ్యము, నీరు ఎట్లు దొరికెనని సామాన్యరైతు సైతము అడుగును. ఆ ప్రశ్న సమంజసమే. నూనిజ్ చెప్పిన 1522ను స్యూయెల్ అంగీకరింపక, వారతిథులు లెక్కగట్టి 1520 అని నిర్ణయించెను. గ్రంథమందలి మాటను ఎట్లు పరీక్షింపవలెనో నేర్చుకొనుటకు ఆ పుటలు చాలును. ఆదిలుషాహి ఫిరంగులకు రాయల ముందువరుస చెదరిపోవుట, పిమ్మట రాయలే గుఱ్ఱమునెక్కి సేనను నిలుపుట, శత్రువులు కృష్ణలో పడుట చదువుచున్నప్పుడు పుస్తకము క్రింద పెట్టబుద్ధి కాదు.

మార్కు విల్క్సు వ్రాసిన దక్షిణదేశ చరిత్ర మూడు సంపుటములు (1810-1817) మైసూరు యుద్ధములకు ఆకరము. టిప్పు సుల్తానును గూర్చిన ఆతని తీర్పులను మాత్రము జాగ్రత్తగా గ్రహింపవలెను. ఆతడు గెలిచిన ప్రభుత్వపు ఉద్యోగి.

కర్నల్ విల్సన్ రచించిన మదరాసు సైన్య చరిత్ర 1882 మొదలు 1889 వరకు సంపుటములుగా వెలువడెను. పటాలములు ఎప్పుడు పుట్టినవి, ఎప్పుడు పేరు మారినవి అను పట్టికలు విసుగు పుట్టించుట నిజము. కాని రాజుల పేర్లు తప్ప మరేమియు లేని చరిత్రలతో విసిగినవారు తెరువవలసినది ఇదియే. ఉత్తరదేశమున సిపాయిని తిలంగా యని పిలిచిరి. తెలుగు సీమనుండి పోయిన కాల్బలము అంతటి పేరు గడించెను. 1780 అక్టోబరులో, హైదరు మీదికి పోవుటకై ఓడనెక్కవలెనన్న ఆజ్ఞను ధిక్కరించి విశాఖపట్టణమున తిరుగబడినవారును ఆ సిపాయిలే.