తండ్రిని వెదకి వెడలిన బాలుడు

ఏకాకితనము ముసలితనమునకే వచ్చు బాధ కాదు. పసివారికిని వచ్చును; నిండు సంసారము నడుమ నున్నవారికిని వచ్చును. అట్టివేళ భగవంతుని తల్లిగా, తండ్రిగా తలంచి ఊరట పొందుట పెద్దలు చూపిన మార్గము. ఈ మార్గమునకు మన విరుదునగర మండలముననే రెండు గొప్ప సాక్ష్యములు కలవు.

మొదటిది శ్రీవిల్లిపుత్తూరు. అచట విష్ణుచిత్తుడు తులసివనమున దొరికిన పసిపాపను కూతురుగా పెంచెను, ఆమెయే గోదాదేవి. ఆ మహనీయుడు తన పాశురములలో శ్రీకృష్ణుని పసిబిడ్డగా భావించి, తానే తల్లియై లాలించెను. శ్రీకృష్ణదేవరాయలు 16వ శతాబ్దమున ఈ కథనే ‘ఆముక్తమాల్యద’గా తెనుగు చేసెను. నాయకరాజుల కాలమున మన పూర్వులు పెక్కురు ఈ నల్లరేగడి నేలలకు వచ్చి స్థిరపడిరి. తెలుగు ఈ సీమకు వచ్చినది. ఈ సీమ కథ తెలుగు కావ్యమైనది.

రెండవది తిరుచ్చుళి. అచటి అమ్మవారి పేరు సహాయాంబ, అనగా తోడుగా నుండు తల్లి. ఆ ఊర 1879 డిసెంబరు 30వ తేదీన వేంకటరామన్ అను బాలుడు జన్మించెను. తండ్రి సుందరమయ్యరు ప్లీడరు. 1892లో తండ్రి గతించెను. అప్పటికి బాలునికి 12 ఏండ్లు. కుటుంబము రెండుగా చీలినది. అన్నయు తానును మధురలోని పినతండ్రి యింటికి పోయిరి; తల్లి అళగమ్మ చిన్నపిల్లలతో మానామదుర చేరెను. మరణము తండ్రిని గొనిపోగా, బ్రతుకుతెరువు తల్లిని దూరము చేసినది.

1896 జూలైలో ఆ బాలునికి మరణభయము కలిగి, దానినుండియే ఆత్మవిచారము పుట్టినది. పిమ్మట మీనాక్షి ఆలయమున నాయనార్ల విగ్రహముల యెదుట నిలిచి కన్నీరు కార్చుచుండెడివాడు. ఆగస్టు 29వ తేదీన ఇల్లు విడిచెను. ఫీజు కట్టుటకు అన్న యిప్పించిన 5 రూపాయలలో 3 మాత్రమే తీసికొని, 2 రూపాయలను ఒక చీటితో నుంచెను. తన తండ్రి ఆజ్ఞ చొప్పున, ఆ తండ్రినే వెదకుచు పోవుచున్నానని అందలి సారాంశము. జీవితమంతయు కాగితముల నడుమ గడపిన మాకు ఆ చీటి తలచినపుడెల్ల ఆశ్చర్యము కలుగును: లెక్క సరిగా నున్నది, సంతకము మాత్రము లేదు! రూపాయలకు లెక్క చెప్పినవాడు తన పేరును విడిచిపెట్టెను. సెప్టెంబరు 1వ తేదీన తిరువణ్ణామలైలో అరుణాచలేశ్వరుని సన్నిధి చేరి తండ్రికి తన్ను తాను సమర్పించుకొనెను.

ఇచట పాఠకులకు ఒక సందేహము కలుగవచ్చును. బిడ్డకు తండ్రి దొరకెను. మరి కన్నతల్లి గతి యేమి? 1898లో ఆమె పెద్దకుమారునితో వచ్చి, ఇంటికి రమ్మని దినములకొలది బ్రతిమాలి, ఆ బిడ్డ లేకయే మరలిపోయెను. 1900లో ఆ పెద్దకుమారుడును గతించెను. కథ అంతటితో ముగిసినచో, దేవుని పితృప్రేమ ఒక తల్లికి పుత్రశోకమనియే చెప్పవలసి వచ్చెడిది.

కాని చరిత్ర అచట ఆగలేదు. 1907లో మన తెలుగు పండితుడు కావ్యకంఠ గణపతిముని ఆ యువకునికి రమణ మహర్షియని పేరిడెను. 1914లో తల్లి అచట జ్వరపీడితురాలు కాగా, మహర్షి ఆమె స్వస్థతకై అరుణాచలుని ప్రార్థించుచు పద్యములు రచించెను. సర్వమును విడిచినవాడు తల్లి కొరకు చేయి చాచెను! 1916లో ఆమె కుమారుని చెంతకే వచ్చి నిలిచెను. 1922 మే 19వ తేదీన తుదిశ్వాస విడుచువరకు, ఆయన ఆమె తలపై ఒక చేయి, ఎదపై ఒక చేయి యుంచి కూర్చుండెను. ఆమె సమాధిపై వెలసిన లింగమునకు మాతృభూతేశ్వరుడని పేరు. ఆలయ కుంభాభిషేకము 1949లో జరిగినది.

ఆ పేరు తిరుచిరాపల్లి కొండమీది స్వామిదియును. కావేరి వరదవలన తల్లి రాలేకపోగా, పురుడు పోసికొనుచున్న ఒంటరి బిడ్డ యొద్దకు శివుడే తల్లి రూపున వచ్చెనని ఐతిహ్యము. తండ్రిని వెదకిన బాలుని కథ, తల్లియైన దేవుని పేరుతో పూర్తియైనది.

నేడు కోవిల్పట్టి, విరుదునగరములలో మన యిండ్ల పిల్లలు చెన్నైకో, బెంగుళూరికో, సముద్రము దాటియో పోవుచున్నారు. మా గృహిణి గతించిన తరువాత మాకును సంజవేళ మాటాడువారు కరవైరి. తెలుగున పలుకరించువారు మరియు కరవు. దీపము పెట్టి సహాయాంబను తలంచునపుడు ఆ వెలితి మాయమగునని చెప్పజాలము, భరింపదగినదగును. అది చాలును.

అయితే దేవుడు తోడున్నాడని చెప్పి మనము పొరుగింటి వృద్ధురాలిని మరచుట తగదు. మహర్షి తల్లికి వేదాంతము మాత్రమే చెప్పి ఊరకుండలేదు. ప్రక్కన కూర్చుండి చేయి వేసెను. దైవము యొక్క తల్లిదండ్రుల ప్రేమ మన యొద్దకు వచ్చునది పెక్కుమారులు అట్టి చేతి మూలముననే.