నాలుగు వందల డాలర్ల బానిస పిల్లాడు... పది సెంట్ల తపాలా బిళ్ళ

1868. అమెరికా అంతర్యుద్ధం ముగిసి మూడేళ్ళయింది. జార్జియా రాష్ట్రం అట్లాంటాలోని నల్లజాతి పిల్లల బడికి ఒక పెద్దమనిషి వచ్చాడు. పేరు ఆలివర్ హోవార్డ్. యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న ఉత్తరాది జనరల్. విముక్తి పొందిన బానిసల బాగోగులు చూసే ప్రభుత్వ సంస్థకు ఆయనే అధిపతి.

ఉత్తరాదికి తిరిగి వెళ్ళాక అక్కడి వాళ్ళకు మీ గురించి ఏమని చెప్పాలి అని ఆయన పిల్లల్ని అడిగాడు. ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు.

“మేం పైకొస్తున్నామని చెప్పండి.”

ఆ మాట దేశమంతా పాకింది. జాన్ గ్రీన్‌లీఫ్ విటియర్ అనే కవి దాని మీద ఒక కవితే రాశాడు. ఆ కుర్రాడి పేరు రిచర్డ్ రాబర్ట్ రైట్. బానిసగా పుట్టాడు. కొడుక్కి నాలుగు అక్షరాలు వస్తే చాలని తల్లి అతన్ని వెంటబెట్టుకుని అట్లాంటాకు కాలినడకన వచ్చింది.

బడిపంతులు, మేజర్, బ్యాంకరు

కుర్రాడు అన్నమాట నిలబెట్టుకున్నాడు. 1876లో అట్లాంటా విశ్వవిద్యాలయం నుంచి పట్టభద్రులైన తొలి జట్టులో అతనొకడు. 1891లో సవానాలో నల్లజాతి విద్యార్థుల కాలేజీకి అధ్యక్షుడై మూడు దశాబ్దాలు నడిపాడు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చినప్పుడు సైన్యంలో జీతాలు పంచే అధికారిగా మేజర్ హోదా దక్కింది. అప్పటినుంచీ అందరికీ ఆయన మేజర్ రైటే.

ఇంత పేరున్నా దక్షిణాదిలో గౌరవం దక్కలేదు. అక్కడి ఒక బ్యాంకులో ఆయన కూతురికి అవమానం జరిగిందని చెబుతారు. మనవళ్ళతో కాలక్షేపం చేయాల్సిన వయసులో మేజర్ ఫిలడెల్ఫియాకు మకాం మార్చి సొంతంగా బ్యాంకు పెట్టాడు. 1930లలో దేశమంతటా బ్యాంకులు కుప్పకూలుతున్నా ఆయన బ్యాంకు మాత్రం నిలబడింది.

ఆ రోజుల్లోనే ఆయన తపాలా బిళ్ళల మీద దృష్టి పెట్టాడు.

తొంభై మూడేళ్ళ ఖాళీ

అమెరికా తొలి తపాలా బిళ్ళలు 1847లో వచ్చాయి. అయిదు సెంట్ల దాని మీద బెంజమిన్ ఫ్రాంక్లిన్, పది సెంట్ల దాని మీద జార్జి వాషింగ్టన్. తొలి స్మారక బిళ్ళలు 1893 నాటివి. కొలంబస్ యాత్రకు 400 ఏళ్ళు నిండాయని 16 రకాలు వేశారు. స్పెయిన్ రాణి ఇసబెల్లాకు అందులో చోటు దొరికింది. 1907లో ఆదివాసీ వనిత పొకహోంటస్ వచ్చింది. 1937లో నాలుగు సెంట్ల బిళ్ళ మీద రాబర్ట్ లీ, స్టోన్‌వాల్ జాక్సన్ వచ్చారు. బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి విడిపోయిన దక్షిణ రాష్ట్రాల సైన్యాన్ని నడిపిన జనరల్స్ వీళ్ళు.

దేశం మీద కత్తి దూసినవాళ్ళకూ బిళ్ళ దక్కింది. నల్లజాతి మనిషి ఒక్కడికీ దక్కలేదు.

తపాలా బిళ్ళ అంటే ప్రభుత్వం తన చేత్తో అచ్చువేసి ఊరూరికీ పంపే మాట. ‘వీళ్ళు మా వాళ్ళు’ అని చెప్పే మాట. మేజర్ రైట్‌కు ఆ సంగతి బాగా తెలుసు. ఆయన అర్జీలు పెట్టాడు. మరెందరో నల్లజాతి పౌరులు వంతపాడారు. అప్పటి అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చిన్నప్పటినుంచీ స్టాంపులు సేకరించే మనిషి. కొత్త బిళ్ళల నమూనాలు స్వయంగా చూసేవాడు. ప్రసిద్ధ అమెరికన్ల పేరిట 35 బిళ్ళలు సిద్ధమవుతున్నప్పుడు నల్లజాతి ప్రముఖుడికీ చోటివ్వమని ఆయనే సూచించాడు.

ఎవరా ప్రముఖుడు?

బుకర్ టి. వాషింగ్టన్. 1856లో వర్జీనియాలో పుట్టాడు. 1861లో యజమాని చనిపోతే ఆస్తుల జాబితా రాశారు. అందులో బుకర్ అనే పిల్లాడి విలువ 400 డాలర్లు. స్వేచ్ఛ వచ్చాక ఉప్పు బట్టీల్లో పనిచేశాడు. బడిలో చేరినప్పుడు ఇంటిపేరు అడిగితే ‘వాషింగ్టన్’ అని తానే పెట్టుకున్నాడు. 1881లో అలబామాలో టస్కెగీ విద్యాసంస్థను మొదలుపెట్టాడు.

1901లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆయన్ని వైట్‌హౌస్‌లో భోజనానికి పిలిస్తే దక్షిణాది పత్రికలు భగ్గుమన్నాయి. ఒక నల్లవాడు అధ్యక్షుడి బల్ల దగ్గర కూర్చోవడమా అని! తెల్లవాళ్ళతో మరీ సర్దుకుపోతున్నాడని డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ లాంటి నల్లజాతి మేధావులు మరోవైపు విమర్శించారు. అయినా టస్కెగీ ఎదుగుతూనే పోయింది. ఆయన 1915లో కన్నుమూశాడు.

1940 ఏప్రిల్ 7, ఆదివారం. పోస్ట్‌మాస్టర్ జనరల్ జేమ్స్ ఫార్లీ టస్కెగీకి వచ్చాడు. ఆ ప్రాంగణంలోనే బుకర్ వాషింగ్టన్ బిళ్ళ విడుదలైంది. దాని ఖరీదు పది సెంట్లు. జార్జి వాషింగ్టన్ అనే బానిసల యజమాని బొమ్మతో మొదలైన ఖరీదు అది. తొంభై మూడేళ్ళ తర్వాత అదే ఇంటిపేరు పెట్టుకున్న బానిస పిల్లాడి ముఖం దాని మీదకెక్కింది.

అయితే ఇక్కడో మెలిక ఉంది. అప్పట్లో మామూలు ఉత్తరానికి మూడు సెంట్ల బిళ్ళ చాలు. పది సెంట్లది రోజూ అందరి చేతుల్లో పడేది కాదు. అదే ఏడాది అక్టోబర్ 20న బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణకు 75 ఏళ్ళని మరో బిళ్ళ వేశారు. ఇది మూడు సెంట్లదే, ఇంటింటికీ వెళ్ళేది. దాని మీద లింకన్ నిలబడి ఉంటాడు, అతని కాళ్ళ దగ్గర నల్లమనిషి మోకరిల్లి ఉంటాడు. తలెత్తుకున్న నల్లమనిషి ఖరీదైన బిళ్ళ మీద, మోకరిల్లిన నల్లమనిషి చవక బిళ్ళ మీద!

ఫిబ్రవరి 1

మేజర్ రైట్ అక్కడితో ఆగలేదు. ఆ సవరణ తీర్మానం మీద లింకన్ సంతకం చేసింది 1865 ఫిబ్రవరి 1న. ఆ తేదీని జాతీయ స్వేచ్ఛాదినంగా ప్రకటించాలని పట్టుబట్టాడు. 1947లో చనిపోయేదాకా ఆ పని మీదే ఉన్నాడు. మరుసటి ఏడాది జూన్ 30న అధ్యక్షుడు ట్రూమన్ ఆ బిల్లుపై సంతకం చేశాడు.

1978లో అదే ఫిబ్రవరి 1న హారియెట్ టబ్‌మన్ బిళ్ళ వెలువడింది. అమెరికా బిళ్ళకెక్కిన తొలి నల్లజాతి మహిళ ఆమె. ఆ బిళ్ళతో మొదలైన వరసలోనే 1992లో డుబోయిస్ కూడా వచ్చాడు.

స్టాంపులు సేకరించే పిల్లలకు పెద్దలు ఒక్క అలవాటు నేర్పాలి. బిళ్ళ మీద ఎవరున్నారో చూశాక, ఏ ఏడాది వచ్చిందో కూడా చూడమనాలి. జనరల్ లీకి 1937, బుకర్ వాషింగ్టన్‌కు 1940. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే ఆ దేశం ఎవరిని ముందు గుర్తుపెట్టుకుందో, ఎవరు అడిగి సాధించుకోవలసి వచ్చిందో ఇట్టే తెలుస్తుంది.